కాస్త నలతగా ఉంది

బిష్కెక్
జూన్ 4

మావయ్యకి,

మనుషులూ మందా క్షేమమేనా? అమ్మమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? మచ్చల గుర్రం ఈనిందని జోలోన్ చెప్పాడు. పిల్ల ఆడా మగా అంటే తెల్లమొహం వేశాడు. రోజూ మీ దగ్గర పాలు ఎక్కించుకునే డ్రైవరుకి ఆ మాత్రం తెలియకపోతే ఎలాగండీ!

మీరు కొండ మీది మేతకి వెళ్ళిపోయాక ఫోను అందదు. మంద దిగేదాకా జోలోన్ జేబులో పెట్టి పంపే ఈ కాగితమే గతి. అయినా ఉత్తరం రాయడం నాకిష్టమే. ఫోనులో మీరు సగం మాటలు గుర్రాలతో మాట్లాడతారు.

వెళ్ళేముందు అడిగారు కదా, పొద్దస్తమానం ఆ తెర ముందు కూర్చుని చేసేదేమిటని. మా దగ్గర ‘కబర్’ అని ఒక లైబ్రరీ ఉంది. పుస్తకాల లైబ్రరీ కాదు, వేరే ప్రోగ్రాములు అరువు తెచ్చుకుని వాడుకునే కోడ్. కొండల్లోని ఆరోగ్య కేంద్రాలవాళ్ళు రోగుల రక్తం నమూనాలు సిటీలోని ల్యాబుకి పంపుతారు. వాటి వివరాలు చేరవేయడం, ఫలితాలు వెనక్కి తేవడం మా కబర్ పని. పని కాకపోతే కబర్ ఒక ఎర్రర్ తిరిగి ఇస్తుంది. ఏం జరిగినా ఒకటే ఎర్రర్: “కాస్త ఇబ్బందిగా ఉంది, తర్వాత ప్రయత్నించండి.” లైను తెగినా అదే మాట. రోగి నంబరు తప్పు కొట్టినా అదే మాట. రక్తం దారిలో ఎండకి పాడైపోయి ల్యాబువాళ్ళు పారేసినా అదే మాట.

పోయిన నెల నరీన్ వైపు ఒక ఊళ్ళో సరిగ్గా అదే జరిగింది. జ్వరంతో ఉన్న బాలింత రక్తం దారిలో పాడైంది. కబర్ మాత్రం తర్వాత చూడండి అంది. అక్కడి ప్రోగ్రాము బుద్ధిగా మళ్ళీ మళ్ళీ అడుగుతూ కూర్చుంది, నర్సు ఫలితం కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. చివరికి నర్సే ల్యాబుకి ఫోను చేసింది. దేవుడి దయ, ఆ తల్లి బతికింది. ఆ నర్సు నాకు ఫోను చేసి, “పాడైపోయిందని ఒక్క ముక్క చెప్పుంటే ఆ పూటే ఇంకోసారి తీసేదాన్ని కదమ్మా!” అంది. తిట్టినా బాగుండేది. ఇప్పుడు ఒక్కొక్క రకం తప్పుకీ వేరే ఎర్రర్ తయారుచేసే పని మా పెద్దాయన మెలిస్ బైకె నాకు అప్పజెప్పారు.

మావయ్యా, ఆవిడ మాట విన్నప్పటినుంచీ నాకు అమ్మే గుర్తొస్తోంది. కాలేజీ హాస్టలుకి ఫోను చేసి, “అమ్మకి కాస్త నలతగా ఉంది, వీలు చూసుకుని రా” అన్నారు మీరు. నలతే కదా అనుకుని మిగిలిన పరీక్షలు రాశాను. అమ్మకిష్టమని కమలాపళ్ళు కొన్నాను. వచ్చేసరికి మన వాకిట్లో చావు డేరా వేసి ఉంది, మట్టి చెయ్యడం కూడా అయిపోయింది. ఆ పళ్ళ సంచి ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు పట్టుకునే నిలబడ్డాను.

ఇది అలక కాదు, అడగడం. ఇకమీద నాకు మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

మీ సైకాల్

* * *

సూసమీర్ మేత
జూన్ 13

సైకాల్‌కి మేనమామ దీవెనలు.

గుర్రప్పిల్ల ఆడది. నుదుటి మీద తెల్లచుక్క ఉంది. నీలాగే మొండిది, తల్లిని తప్ప ఎవర్నీ దగ్గరికి రానివ్వదు.

మేనకోడలొచ్చే కన్నా ఏడు తోడేళ్ళొస్తే నయమని మన పెద్దలు ఊరికే అనలేదు. తోడేళ్ళు గొర్రెని పట్టుకుపోతాయి, నువ్వు ఏకంగా ఆచారాన్నే ఎత్తుకుపోతానంటున్నావు. చేదు కబురు మొహాన కొట్టినట్టు చెప్పకూడదే పిల్లా. మనిషి నలుగురి మధ్యా కూర్చుని ఉండాలి, కడుపులో ఇంత రొట్టె పడి ఉండాలి, పక్కన పట్టుకోవడానికి ఒక చెయ్యి ఉండాలి. అప్పుడు ఒక పెద్దాయన మెల్లగా విప్పుతాడు. మా నాన్నకి తమ్ముడు పోయిన కబురు దారిలో గుర్రం మీదుండగా ఒక మోటువాడు అరిచి చెప్పాడు. ఆయన దిగలేదు, పడ్డాడు. అప్పట్నుంచి చచ్చేదాకా కుంటుతూనే నడిచాడు.

నీ యంత్రానికి పేర్లు పెట్టుకో, నేను వద్దనను. మనం గుర్రానికే ఏడాదికొక పేరు పెట్టే జనం. ఈ ఏడు పుట్టింది కులున్, నిరుటిది తాయ్, ముందటేటిది కునాన్. అన్నిటినీ గుర్రం అంటే మందు పెట్టేవాడికి తిప్పలు. కానీ యంత్రానికి పగలడానికి గుండె లేదు, మనిషికి ఉంది.

మీ అమ్మ సంగతి అన్నావు. ఆ రోజు నలత అన్నప్పుడు నా గొంతు విని నీకు అర్థమవుతుందనుకున్నాను. మనలో ఆ మాటకి అర్థం అందరికీ తెలుసు కదా అనుకున్నాను. నీకప్పటికి పందొమ్మిదేళ్ళు, మన చావులు ఎన్ని చూశావని! ఆ కమలాపళ్ళు నాకూ గుర్తున్నాయి, చివరికి నేనే తీసుకున్నాను నీ చేతిలోంచి. తప్పు నాదే.

మొన్న గుర్రాల మందు కోసం కిందికి దిగి టౌనుకి వెళ్ళొచ్చాను. దారి బాగుంది. జోలోన్ హారన్ మోగిస్తున్నాడు, వాడికి పాలు విరుగుతాయని భయం.

అమ్మమ్మకి కాస్త నలతగా ఉంది. వీలు చూసుకుని రా.

ఎసెన్‌గుల్

* * *

సూసమీర్ మేత
జూన్ 20

ఓసి పిచ్చి మొహమా,

నువ్వు వెళ్ళిపోయాక కూడా మా డేరాలో నవ్వాలో ఏడవాలో ఎవరికీ తెలియడం లేదు. నువ్వు వెనక కారులో ఉన్నావు కాబట్టి ముందు జరిగింది చూడలేదు. మళ్ళీ ఎవరో మార్చి చెప్పకముందే నేను రాస్తున్నాను.

అమ్మమ్మ గుర్రం పాలు పితుకుతోంది. కొండ మలుపులో రెండు కార్లు కనిపించాయి. అద్దాలు దించి మగాళ్ళు గొంతు చించుకుని “అయ్యో, బంగారు తల్లీ” అని ఏడుస్తూ వస్తున్నారు. మన పద్ధతి నీకు తెలుసు. ఏడుస్తూ వచ్చేవాళ్ళని ఎవరి కోసమని అడగకూడదు. ముందు కలిసి ఏడవాలి. అమ్మమ్మ చెంబు కింద పెట్టింది, తలగుడ్డ సవరించుకుని లోపలికి వెళ్ళి గోడవైపు తిరిగి కూర్చుంది, శోకం ఎత్తుకుంది. పేరు తెలియదు కదా, అందుకని పేరు పెట్టకుండా పాడింది. పక్క డేరాల ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చి గొంతు కలిపారు. నేను బయట నడుం మీద చేతులు పెట్టుకుని ఏడుస్తున్నాను. అబద్ధం ఎందుకు, నిజంగానే ఏడుస్తున్నాను. సిటీ నుంచి కార్లు వచ్చాయంటే పోయింది నువ్వేననుకున్నాను.

బెక్‌తుర్ బాబాయి దిగి నన్ను కౌగిలించుకున్నాడు. “గుండె రాయి చేసుకోరా. తల్లి ఎవరికీ శాశ్వతం కాదు” అన్నాడు.

“తల్లేమిటి బాబాయ్, లోపల ఏడుస్తోంది వినబడ్డం లేదా?” అన్నాను.

ఆయన కన్నీళ్ళు ఉన్నచోటే ఆగిపోయాయి. అంతలో అమ్మమ్మే బయటికొచ్చింది. “ఎవరు పోయార్రా, చెప్పండి, పేరు లేకుండా ఎంతసేపని పాడను?” అంది. అందరూ నేలచూపులు చూస్తుంటే జోలోన్ గాడు నోరు జారాడు: “మీరే, పెద్దమ్మా.”

“నేనా! మరి నాకెవరూ చెప్పలేదేం?” అంది.

అప్పుడు వెనక కారు తలుపు తెరుచుకుని నువ్వు దిగావు. నల్లగుడ్డ కట్టుకుని, కళ్ళు వాచిపోయి. నువ్వు బతికే ఉన్నావని చూశాక నేల మీదే కూలబడ్డాను. నేను కింద కూర్చోవడం చూసి గుర్రం తన్నిందేమో అనుకున్నారందరూ.

అంత దూరం ఏడ్చుకుంటూ వచ్చినవాళ్ళని ఉత్త కడుపుతో పంపకూడదని గొర్రెని కోశాం. చావలేదని మొక్కు తీర్చుకున్నట్టూ అయింది. అమ్మమ్మ ఇప్పటికీ అడుగుతోంది, ఎవరు బాగా ఏడ్చారని. బెక్‌తుర్‌కి గొంతు పోయిందట, పూర్వం ఇంకా బాగా ఏడ్చేవాడట.

నీతో ఒక్క మాట మాట్లాడదామనుకున్నాను. ఆ గోలలో కుదరలేదు. పెద్ద విషయమేమీ కాదులే.

మావయ్య

* * *

బిష్కెక్
జూన్ 27

మావయ్యా,

నవ్వండి, మీకు హక్కుంది. ఈ సంగతి ఆఫీసుకి కూడా పాకింది. నా పక్క సీటు అమ్మాయి ఐదై రోజూ పొద్దున్నే వచ్చి “మీ అమ్మమ్మ ఇవాళ పోయిందా, ఉందా?” అని అడుగుతోంది.

కానీ తప్పు నాదొక్కదానిదేనా? నలత అంటే జలుబా చావా అని నాకెలా తెలుస్తుంది? ఒకసారి చావుని జలుబనుకున్నాను. ఈసారి జలుబుని చావనుకున్నాను. రెండుసార్లూ మీ మాట ఒకటే. మా కబర్ కూడా ఇంత ఘోరంగా ఏడిపించలేదు ఎవర్నీ.

అందుకని మనిద్దరికీ ఒక ఒప్పందం. నేను ఎర్రర్లకి పేర్లు పెడుతున్నట్టే మన కబుర్లకీ పెడదాం. తానే తగ్గిపోయేదైతే ‘తుమ్ము’ అని రాయండి, నేను రాను. డాక్టరు చూడాల్సిందైతే ‘కుంటు’. ప్రాణం ఉంది కానీ నేను వెంటనే రావాలి అనుకుంటే ‘తాడు తెగింది’. ఆ పై దానికి మీరే పేరు పెట్టండి, నా చెయ్యి రావడం లేదు.

పని జోరుగా ఉంది. అన్నిటికీ తల్లి లాంటి ఎర్రర్ ఒకటి పెట్టి, దాని కింద పిల్లల్ని పుట్టిస్తున్నాను. లైను మొదట్లోనే దొరకలేదు ఒకటి, మధ్యలో తెగింది ఒకటి, నంబరు తప్పు ఒకటి, నంబరు సరే కానీ పేరు తప్పు ఇంకొకటి. ఇప్పటికి నలభై దాటాయి. ఇంక ఏ నర్సూ చీకట్లో కూర్చోదు.

అమ్మమ్మకి చెప్పండి, అందరికన్నా బాగా ఏడ్చింది నేనే. ఎవరూ వినకుండా కారులో ఏడ్చాను కాబట్టి లెక్కలోకి రాలేదు.

సైకాల్

* * *

సూసమీర్ మేత
జూలై 9

సైకాల్‌కి,

అమ్మమ్మకి తుమ్ము. చూశావా, ఎంత బుద్ధిగా నీ మాట వాడుతున్నానో. నిజంగానే తుమ్ముతోంది, పుప్పొడి పడింది.

నీ నలభై పిల్లల సంగతి చదివి భయమేసింది. నలభై రకాలుగా మొరిగే కుక్కని ఎవరు పెంచుకుంటారే? నా కుక్కకి రెండే కూతలు. ఒకటి వింటే పక్కమీంచి లేవక్కర్లేదు, రెండోది వింటే లేవాలి. లేచాక వచ్చింది తోడేలో దొంగో నేనే చూసుకుంటాను. మీ నర్సు కూడా నా లాంటిదే అయ్యుంటుంది, నలభై కూతలు నేర్చుకునే తీరిక ఆమెకెక్కడిది?

నువ్వు పేరు పెట్టలేకపోయినదానికి నేనూ పెట్టను. దానికి కాగితం పంపను. నేనే వస్తాను, గుర్రం మీదో జోలోన్ బండిలోనో. నీ తలుపు కొట్టి, నువ్వు టీ పెట్టేదాకా ఆగి, నీ పక్కన కూర్చుని చెబుతాను. ఈ ఒక్కటీ నాకు వదిలెయ్.

నా సంగతి అడుగుతావని ముందే రాస్తున్నాను. కాస్త దగ్గు. ఎండాకాలం దుమ్ము. తుమ్ము లెక్కలో వేసుకో.

నీ పని ఎలా ఉంది? మెలిస్ బైకె మెచ్చుకున్నాడా?

ఎసెన్‌గుల్

* * *

బిష్కెక్
జూలై 24

మావయ్యా,

ఇక్కడ అంతా బాగానే ఉంది. ఎండలు మండిపోతున్నాయి, మీ కొండగాలి కావాలనిపిస్తోంది. పని కాస్త తేలికైంది. సాయంత్రం తొందరగా ఇంటికొస్తున్నాను. జోలోన్ తెచ్చిన పులిసిన గుర్రప్పాల కుమీస్ సీసా మూత తియ్యగానే సగం గోడకి పోయింది, మిగతా సగం మాత్రం అమృతం.

మిమ్మల్నీ అమ్మమ్మనీ తలుచుకుంటూ,
సైకాల్

* * *

సూసమీర్ మేత
ఆగస్టు 6

ఏమ్మా సైకాల్,

పని తేలికైందా? జోలోన్ మరదలు మీ ఆఫీసులో గదులు ఊడుస్తుంది, మర్చిపోయావు. నిన్ను కబర్ పనిలోంచి తీసేశారట. మెలిస్‌తో అందరి ముందూ గొడవపడ్డావట. మూల గదిలో పాత కాగితాలు సర్దుకుంటున్నావట.

నాకు నీతులు చెప్పావు. పేర్లు పెట్టావు. తాడు తెగింది, కుంటింది అని పాఠం నేర్పావు. నీ దాకా వచ్చేసరికి మాత్రం ‘కాస్త తేలికైంది’! చావు కబురు చల్లగా చెప్పడం మా ముసలివాళ్ళ అలవాటని వెక్కిరించావు కదా. మేనమామ పోలిక ఎక్కడికి పోతుందిలే.

జోలోన్ చెప్పినప్పటినుంచీ ఉద్యోగం పోయి గదిలో ఒక్కదానివే ఏడుస్తున్నావని ఊహించుకుంటున్నాను. ఏం జరిగిందో రాయి. ఒక్క ముక్క దాచకుండా రాయి.

మావయ్య

* * *

బిష్కెక్
ఆగస్టు 17

మావయ్యా,

మీరు తిట్టింది చదివి సిగ్గుతో చచ్చాను. రాయకపోవడానికి కారణం ఒకటే. మీరు బాధపడతారనుకున్నాను. నాకు మెత్తగా చెప్పేటప్పుడు మీరూ సరిగ్గా అదే అనుకుని ఉంటారు కదా! ఇంతకాలం మీమీద కోపంగా ఉన్నది ఇందుకేనా అనిపించింది.

జరిగింది ఇది. నా నలభై ఎర్రర్లనీ మూడు ఊళ్ళవాళ్ళకి ఇచ్చి చూశాం. మీ కుక్క సామెతే నిజమైంది. అక్కడ ప్రోగ్రాములు రాసేవాళ్ళు కొన్నాళ్ళు చూసి, విసుగొచ్చి, అన్నిటినీ ఒకే సంచిలో పడేసి పైన మళ్ళీ ‘తర్వాత ప్రయత్నించండి’ అని రాసేశారు. మెలిస్ బైకె దాన్ని పట్టుకున్నారు. “చూశావా అమ్మాయ్, పాతదే నయం. కొండల్లో ముసలమ్మ తెర మీద ‘పాడైపోయింది’ అని చూస్తే గుండె ఆగిపోతుంది. మనవాళ్ళకి మనం మెత్తగా చెప్పకపోతే ఎవరు చెబుతారు?” అన్నారు. ఆయన నిజంగా దయతోనే అన్నారు మావయ్యా. అదే నాకు కోపం తెప్పించింది. “మీ మెత్తదనానికి ఆ బాలింత చచ్చిపోయేది!” అని అరిచాను. పెద్దాయన మీద, అందరి ముందూ. మర్నాడే నన్ను మూల గదిలో కూర్చోబెట్టారు.

మళ్ళీ నరీన్ నర్సు ఫోను చేసింది. నా సీట్లో నేను లేను కదా, మెలిస్ బైకె ఎత్తారు. ఏమందో తెలియదు. ఆయన మాత్రం నూనెలో వేయించిన బొర్సోకుల పళ్ళెం పట్టుకుని నా మూల గదికి వచ్చి, “నాకెప్పుడూ ఎవరూ అలా మొహం మీద చెప్పలేదమ్మాయ్. నువ్వూ ఆవిడా కలిసి నన్ను పెంచుతున్నారు” అని కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

ఇద్దరం కలిసి మొత్తం మళ్ళీ రాశాం. రెండు కూతలు చాలవు మావయ్యా, మీ కుక్కకి నా నమస్కారాలు చెప్పండి. మూడు కావాల్సొచ్చాయి. ఆగితే సరిపోయేవి ఒకటి, వివరాలు సరిదిద్దాల్సినవి ఒకటి, రక్తం మళ్ళీ తియ్యాల్సినవి ఒకటి. అసలు ఏం జరిగిందో ఆ ఎర్రర్ లోపలే మూటగట్టి ఉంటుంది, కావాల్సినవాళ్ళు విప్పి చూసుకుంటారు. తెర మీద కనిపించే మాట మెలిస్ బైకె రాశారు. ఎంత మెత్తగా రాశారంటే చదివితే ఓదార్చినట్టుంటుంది. కానీ కింద పేరు మాత్రం తప్పు చెప్పదు. పోయిన వారం అదే ఊళ్ళో ఇంకో నమూనా పాడైతే ఆ పూటే మళ్ళీ తీశారు.

నేను ఒక్క ముక్క దాచలేదు. ఇక మీ వంతు. ఎండాకాలం అయిపోవచ్చింది, మీ దగ్గు తగ్గలేదట. మీరు గుర్రం ఎక్కడం మానేశారని జోలోన్ అన్నాడు. మీరు గుర్రం ఎక్కకపోవడమేమిటి? మావయ్యా, అమ్మ దగ్గరికి ఆలస్యంగా వెళ్ళాను. మీ విషయంలో నన్ను అలా చెయ్యకండి. బతిమాలుతున్నాను.

సైకాల్

* * *

సూసమీర్ మేత
ఆగస్టు 29

సైకాల్,

ఈ ఉత్తరం మొదలుపెట్టి చింపి, మళ్ళీ మొదలుపెట్టాను. నీ తుమ్మూ కుంటూ ఏవీ పనికిరాలేదు. ఉన్నది ఉన్నట్టే రాస్తున్నాను.

జూన్‌లో టౌనుకి వెళ్ళింది గుర్రాల మందు కోసం కాదు. దగ్గితే నెత్తురు పడింది. ఛాతీకి ఫొటో తీశారు. డాక్టరు దాన్ని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశాడు, కిటికీలోంచి బయటికి చూశాడు, “మీవాళ్ళనెవరినైనా తీసుకురండి, వాళ్ళతో మాట్లాడతాను” అన్నాడు. “నాతో చెప్పండి” అంటే, “కాస్త ఊపిరితిత్తి బలహీనంగా ఉంది” అన్నాడు. మన డాక్టర్లు రోగికి చెప్పరు, రోగి మనుషులకి చెబుతారు. అది తెలిసినవాడికి అంతకన్నా వేరే చెప్పాలా?

నా మనుషులెవరు? నా భార్య పోయి ఏళ్ళయింది. నీ తండ్రి ఎప్పుడో రష్యా పట్టాడు. అమ్మకి చెప్పలేను. ఉన్నది నువ్వు. రమ్మని రాయాలని కూర్చుంటే నాకు నలతగా ఉందని రాయడానికి చెయ్యి ఆడలేదు. నేను ఎవరికీ ఎప్పుడూ నా గురించి రాయలేదు. అందుకని అమ్మ పేరు పెట్టాను. ఆ మాట రాస్తే నువ్వు తప్పక వస్తావని తెలుసు. నిన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళదామనుకున్నాను. నువ్వు రెండు కార్ల జనాన్ని వేసుకుని ఏడ్చుకుంటూ వచ్చావు. నా చావు నేనే చూసినట్టయింది. అందరూ నవ్వుతున్నారు, గొర్రెమాంసం తింటున్నారు. ఇంక అప్పుడేం చెప్పను?

అదీ సంగతి. ఇన్నాళ్ళూ నీకు తెలియకుండా ఉండాలని కాదు. పేరు పెడితే నిజమైపోతుందని.

భయంగా ఉందే. యాభై ఎనిమిదేళ్ళ మగాడు మేనకోడలికి రాయాల్సిన మాట కాదు. అయినా రాస్తున్నాను. రా. ఈసారి ఒక్కదానివే రా.

ఎసెన్‌గుల్

* * *

సూసమీర్ మేత
సెప్టెంబరు 12

మావయ్యా,

హాస్పిటల్లో తిండి తింటున్నారా? పక్క మంచం ఆయనతో గుర్రాల గురించి వాదించడం తగ్గించండి, నర్సు ఐదైకి ఫోను చేసి మరీ ఫిర్యాదు చేసిందట.

మీరు ఒక్కటే అడిగారు. ఆపరేషన్‌కి ముందు అమ్మమ్మకి చెప్పాలని, అది మన పద్ధతిలో చెప్పాలని, చెప్పేది నేనే కావాలని. పళ్ళ డాక్టరు దగ్గరికని అబద్ధమాడి మిమ్మల్ని సిటీకి తీసుకెళ్ళింది నేనే కాబట్టి, ఆ అబద్ధం విప్పాల్సిందీ నేనే. వచ్చాను. చెప్పాను. ఎలా జరిగిందో రాస్తాను.

మీరన్నట్టే బెక్‌తుర్ తాతని తీసుకొచ్చాను. పక్క డేరాలవాళ్ళని పిలిచాను. దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి రొట్టె తుంచాం, అందరూ టీ తాగారు. అమ్మమ్మ ఒక్క గుక్క తాగి, చుట్టూ మొహాలు చూసింది. బెక్‌తుర్ తాత గొంతు సవరించుకోగానే కప్పు కింద పెట్టేసింది. ఆయన “వదినా, ఈ లోకంలో ఎవరు మాత్రం...” అని మొదలుపెట్టాడు. ఆవిడ చెయ్యి తలగుడ్డ మీదికి వెళ్ళింది. శోకం ఎత్తుకోబోతోంది. నాకింక ఆగాలనిపించలేదు. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

“అమ్మమ్మా, మావయ్య బతికే ఉన్నాడు” అన్నాను. అన్నిటికన్నా ముందు ఆ మాట.

తాత నా వైపు గుడ్లురిమి చూశాడు. అయినా ఆపలేదు. “ఊపిరితిత్తిలో గడ్డ ఉంది. క్యాన్సర్. మంగళవారం కోసి తీస్తారు. తీశాక బతకొచ్చు, బతక్కపోవచ్చు. డాక్టరు చేత నా ముందూ మావయ్య ముందూ చెప్పించాను. సగానికి సగం అన్నాడు.”

ఆవిడ నా చేతిని ఎంత గట్టిగా నొక్కిందో వేళ్ళు ఇంకా నొప్పిగా ఉన్నాయి.

“ఇంకా బతికే ఉన్నాడా?” అంది.

“ఉన్నాడు.”

“నాకు చెబుతున్నావు, వాడింకా బతికుండగానే?” అని మళ్ళీ అడిగింది.

తర్వాత ఆవిడ అన్నది మీకు అక్షరం పొల్లు పోకుండా రాయాలి. “మీ తాత పోయినప్పుడు ఇలాగే కూర్చోబెట్టారు. నీ తల్లి పోయినప్పుడూ ఇలాగే రొట్టె తుంచారు. నాకు కబురు చెప్పేసరికి ఎప్పుడూ అంతా అయిపోయేది. ఏడవడం తప్ప నన్ను దేనికీ మిగల్చలేదు ఎవరూ. ఎనభై ఏళ్ళొచ్చాక, మొదటిసారి నాకు చేసేందుకు పని ఉండగా చెప్పారు.”

చెప్పి లేచింది. మోకాళ్ళు పట్టుకోలేదు. బెక్‌తుర్ తాత ఇంకా నోట్లో రొట్టె ముక్కతోనే ఉన్నాడు. “తినడానికొచ్చారా? గుర్రాల్ని ఎవరు చూస్తారో తేల్చండి ముందు” అని మీదికి వెళ్ళింది. మందని పక్క డేరాకి అప్పజెప్పింది. మీకోసం కుమీస్ తోలుసంచి నింపుతోంది. డాక్టర్లు తాగనివ్వరు అన్నాను. “ఆ డాక్టరు జూన్‌లోనే నోరు తెరవాల్సింది, ఇప్పుడు నాకు చెప్పడానికి వాడెవడు?” అంటోంది. మధ్యలో ఒక్కసారి డేరా వెనక్కి వెళ్ళి ఏడ్చింది. నేను చూశానని తెలిసి కళ్ళు తుడుచుకుని, పొగ అంది.

ఈ ఉత్తరం జోలోన్‌తో ఇప్పుడే పంపుతున్నాను. మేమిద్దరం రేపు బయల్దేరుతున్నాం. మీకు ముందే చెప్పడం మంచిదని రాస్తున్నాను. అమ్మమ్మ మిమ్మల్ని చూసి ఏడవడానికి రావడం లేదు మావయ్యా. జూన్ నుంచి దాచినందుకు తిట్టడానికి వస్తోంది. దారిలో తిట్లన్నీ నెమరేసుకుంటానంది. గడ్డం గీయించుకుని, మంచి చొక్కా వేసుకుని కూర్చోండి.

సైకాల్